"స్పామ్ అని మార్క్ చేయండి" అంటే సరిపోదు: మెయిల్ హోస్టింగ్ సంస్థలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో చిన్న వ్యాపారాలకూ, బడులకూ, ఆసుపత్రులకూ డొమైన్ (ఇంటర్నెట్‌లో సొంత చిరునామా)తో పాటు ఈమెయిల్ అమ్ముతున్న హోస్టింగ్ కంపెనీల యాజమాన్యాలకు, రీసెల్లర్లకు, సపోర్ట్ విభాగంలో పనిచేసేవారికి,

నమస్కారం.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు, మెయిల్ ఖాతాలు చూసుకోవడం నా పని. ఆడిటర్ ఆఫీసులు, మిర్చి ఎగుమతిదారులు, ప్రైవేటు స్కూళ్లు, ఒక నర్సింగ్ హోమ్ నా దగ్గర ఉన్నాయి. వీళ్లంతా ఏటా డబ్బు కట్టి సొంత డొమైన్ మీద మెయిల్ వాడుతున్నారు. మీరు ప్లాన్ అమ్మేటప్పుడు "స్పామ్ రక్షణ ఉచితం" అని రాసిన మాట నమ్మి కట్టారు.

ఇప్పుడు ఆ ఇన్‌బాక్స్‌ల్లో చెత్త మెయిల్ తెగ వస్తోంది. టికెట్లు పెట్టాం, ఫోన్లు చేశాం, చాట్‌లో మొరపెట్టుకున్నాం. ఎప్పుడడిగినా వచ్చే సమాధానం ఒకటే: "స్పామ్ అని మార్క్ చేయండి సార్, సిస్టమ్ నేర్చుకుంటుంది." వెంటనే టికెట్ మూసేస్తారు. లోపల ఎవరూ వినలేదు కాబట్టి బయట రాస్తున్నాను. ఏ కంపెనీ పేరూ రాయడం లేదు. నేను చూసిన చోట్లన్నిటా తంతు ఒక్కలాగే ఉంది, ఒక్కరిని పట్టుకుని నిలదీస్తే మిగతావాళ్లు తప్పించుకుంటారు.

చెత్త లోపలికి వస్తోందంటే ఫిల్టర్ పనికిమాలినదని అందరూ అనుకుంటారు. నాకు తెలిసినంతలో అసలు కారణం చాలాసార్లు వేరే. మెయిల్ ఫిల్టర్ దగ్గరికే వెళ్లకుండా పక్కదారిన వస్తుంది, లేదా వెళ్లినా ఎవరో పెట్టిన సెట్టింగ్ ఫిల్టర్ చేతులు కట్టేస్తుంది. రెండూ సర్వర్ మీద సరిచేయాల్సిన పనులే. వాడేవాళ్లు ఎన్ని మెయిళ్లను మార్క్ చేసినా ఇవి బాగుపడవు.

ఎవరికి ఏమవుతోంది

1. ఆడిటర్ ఆఫీసులు. నెలనెలా కట్టేవాళ్లకు జీఎస్టీఆర్-3బీ గడువు 20వ తేదీ. ఆ వారంలో "మీ రిటర్న్‌లో తేడా వచ్చింది, నోటీసు జత చేశాం" అంటూ దొంగ మెయిళ్లు వరసపెట్టి దిగుతాయి. జూలై వస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ పేరుతో వస్తాయి. పిన్, పాస్‌వర్డ్ లాంటివి మెయిల్‌లో ఎప్పుడూ అడగబోమని ఆదాయపు పన్ను శాఖ చెబుతూనే ఉంది. కానీ అసలు నోటీసు సమాచారం కూడా అదే ఇన్‌బాక్స్‌కి వస్తుంది కదా. అకౌంట్స్ చూసే అమ్మాయి ప్రతిదీ తెరిచి చూడక తప్పదు. తెరవకపోతే క్లయింటుకు పెనాల్టీ పడుతుందేమోనని టెన్షన్, తెరిస్తే కంప్యూటర్‌లోకి ఏం దిగుతుందోనని టెన్షన్. మీ సర్వర్ చేయాల్సిన వడపోత ఆ అమ్మాయి నెత్తిన పడింది.

2. స్కూళ్లు. ఒక కరస్పాండెంట్ గారికి సీబీఐ లెటర్‌హెడ్‌తో పీడీఎఫ్ వచ్చింది. మీ ఇంటర్నెట్ నుంచి పిల్లల అశ్లీల వీడియోలు చూశారు, వెంటనే సంజాయిషీ పంపకపోతే అరెస్టు అని అందులో ఉంది. ఇలాంటివి నకిలీవని ప్రభుత్వం పలుమార్లు హెచ్చరించింది. అయినా పిల్లలతో పనిచేసే పెద్దమనిషి మీద అలాంటి నింద రాస్తే ఆయన ఇంట్లో కూడా చెప్పుకోలేరు. మోసగాళ్లకు కావలసింది అదే. ఆయన నిద్ర మానుకుని కుమిలిపోయి, చివరికి నాకు చూపించారు.

3. నర్సింగ్ హోమ్. ఇక్కడ గొడవ తిరగబడింది. చెత్త ఎక్కువైందని ఫిర్యాదు చేస్తే, సపోర్ట్ వారు కారణం వెతకకుండా ఫిల్టర్ హద్దును 5 నుంచి 3కి దించారు. ఎన్ని పాయింట్లు వస్తే మెయిల్‌ను చెత్తగా లెక్కేయాలో చెప్పే సంఖ్య అది. దించాక చెత్త కొంచెం తగ్గిన మాట నిజం. దాంతో పాటు ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ నుంచి రావాల్సిన క్యాష్‌లెస్ అప్రూవల్ మెయిళ్లు జంక్ ఫోల్డర్‌లో పడటం మొదలైంది. బిల్లింగ్ కౌంటర్‌లో కంప్యూటర్ పీఓపీ పద్ధతిలో మెయిల్ దించుకుంటుంది. ఆ పద్ధతిలో ఇన్‌బాక్స్ మాత్రమే దిగుతుంది, జంక్ ఫోల్డర్ సర్వర్ మీదే ఉండిపోతుంది. అది ఉన్నట్టే కౌంటర్‌లోని మనిషికి తెలియదు. అప్రూవల్ రాలేదని వాళ్లు, ఎప్పుడో పంపామని టీపీఏ వాళ్లు. డాక్టరు పొద్దున్నే డిశ్చార్జ్ రాసిన పేషెంటు చీకటి పడేదాకా మంచం మీదే ఉన్నారు. ఊరి నుంచి వచ్చిన ఆయన కొడుకు కౌంటర్ దగ్గర నిలబడి, పోనీ డబ్బే కట్టేస్తానని ఎవరికో ఫోన్ చేసి అప్పు అడుగుతున్నాడు. డబ్బు కట్టనవసరం లేదని చెప్పే మెయిల్ మధ్యాహ్నం నుంచీ మీ సర్వర్ మీద పడి ఉంది.

4. మిర్చి ఎగుమతిదారు. ఆఫీసులో అకౌంటెంట్‌కు యజమాని పేరు మీద, యజమాని అడ్రసు నుంచే మెయిల్ వచ్చింది: "ఫ్రెయిట్ డబ్బు ఈ కొత్త ఖాతాకు ఇవాళే పంపు, నేను మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు." ఆవిడ తెలివిగలది, ఫోన్ చేసింది. ఆయన యార్డులో ఉన్నారు, ఏ మెయిలూ పంపలేదు. డబ్బు మిగిలింది. ఫోన్ ఎత్తకపోయి ఉంటే?

ఈ నాలుగో మెయిల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మీ సపోర్ట్ వారు చూడని హెడర్ మేం చూశాం, మెయిల్ ఎక్కడి నుంచి ఏ దారిన వచ్చిందో రాసి ఉండే భాగం అది. ఫ్రమ్ దగ్గర యజమాని పేరు, ఆయన అడ్రసే. రిప్లై-టు (జవాబు వెళ్లే అడ్రసు) దగ్గర ఏదో ఉచిత మెయిల్ ఖాతా. రిటర్న్-పాత్ (చేరని మెయిల్ తిరిగి వెళ్లే అడ్రసు) దగ్గర ఎప్పుడూ వినని డొమైన్. ఆ కింద స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్ ప్రోగ్రామ్ రాసిన వరస: స్పామ్ కాదు, స్కోరు మైనస్ 93.8, హద్దు 5.0. విడివిడిగా రూల్స్ చూస్తే ఫిల్టర్ ఆ మెయిల్‌కు 6.2 పాయింట్లు వేసింది. అంటే దొంగను పట్టుకుంది. కానీ యజమాని సొంత డొమైన్ పేరుతో వచ్చేవన్నీ వైట్‌లిస్ట్‌లో, అంటే నమ్మి వదిలేసే జాబితాలో, ఉన్నాయి. వైట్‌లిస్ట్ రూల్ ఒక్కటే మైనస్ 100 పాయింట్లు వేస్తుంది. పట్టుకున్న దొంగను ఆ ఒక్క సెట్టింగే లోపలికి పంపింది. సొంత మెయిల్ జంక్‌లో పడుతోందని పాతకాలంలో ఎవరో ఫిర్యాదు చేస్తే, మీ వాళ్లే సొంత డొమైన్‌ను వైట్‌లిస్ట్‌లో పెట్టారు. ఫ్రమ్ అడ్రసు అనేది కవరు వెనక రాసే పంపినవారి చిరునామా లాంటిది, ఎవరి పేరైనా ఎవరైనా రాయొచ్చు. ఆ పేరు చూసి తలుపు తీయడం ఏ ఫిల్టర్ అయినా ఎలా తట్టుకుంటుంది?

ఈ హెడర్ మొత్తం టికెట్‌లో పెట్టి పంపాం. వచ్చిన జవాబు మీకు తెలుసు.

ఎక్కడ లోపం ఉంది

నాకు కనబడినవి చెబుతాను. మీ సాంకేతిక సిబ్బందికి ఇవి కొత్త కాదు. చూడాలని ఎవరూ చెప్పడం లేదు, అంతే.

మొదటిది పక్కదారి. ఒక స్కూలు అదనంగా డబ్బు కట్టి ఫిల్టర్ సేవ కొంది. డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును ఫిల్టర్‌కు మార్చారు, బాగానే ఉంది. పాత సర్వర్ రికార్డును మాత్రం 20 నంబరుతో (నంబరు పెద్దదైతే ప్రాధాన్యం తక్కువ) బ్యాకప్‌గా అలాగే వదిలేశారు. చెత్త పంపేవాళ్లు కావాలనే పెద్ద నంబరున్న రికార్డును ఎంచుకుంటారు, బ్యాకప్ దగ్గర కాపలా తక్కువని వాళ్లకు తెలుసు. ఆ రికార్డు తీసేసినా పని పూర్తి కాదు. సర్వర్ అడ్రసు ఒకసారి తెలిసిన వాడు సర్వర్లు మెయిల్ అందుకునే 25వ పోర్టుకే నేరుగా తెచ్చి ఇస్తాడు. ఫిల్టర్ సర్వర్ల నుంచి తప్ప ఇంకెవరి నుంచీ మెయిల్ తీసుకోకుండా కట్టడి చేయాలి. ఒక ఫైర్‌వాల్ రూలుతో పోయే పని. మెయిల్ హెడర్‌లో ఫిల్టర్ వేసే గుర్తు అసలు లేకపోతే ఈ దారినే వచ్చిందని తెలిసిపోతుంది.

రెండోది బ్లాక్‌లిస్ట్‌లు (చెత్త పంపేవాళ్ల జాబితాలు) మూగబోవడం. స్పామ్‌హౌస్, యూఆర్‌ఐబీఎల్ లాంటి జాబితాలను ఫిల్టర్ డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్ల వివరాలు వెతికిచ్చే వ్యవస్థ) ద్వారా అడుగుతుంది: ఈ ఐపీ (పంపిన సర్వర్ నంబరు) మంచిదా, ఈ లింకు చెడ్డదా అని. మీ సర్వర్లలో డీఎన్ఎస్‌కు 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టి వదిలేస్తే ఆ అడిగేది అందరూ వాడే పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబు తెచ్చే సర్వర్) గుండా పోతుంది. ఎవరు ఎన్నిసార్లు అడిగారో తెలియదు కాబట్టి అలా వచ్చిన ఉచిత ప్రశ్నలకు ఆ జాబితాలు జవాబు ఇవ్వవు. హెడర్‌లో "యూఆర్‌ఐబీఎల్ బ్లాక్డ్" అని స్పష్టంగా రాసి ఉంటుంది. నేను చూసే ఖాతాల్లో చాలావాటిలో ఆ మాట ఉంది. అంటే ఫిల్టర్‌కున్న బలమైన ఆధారాల్లో ఒకటి అసలు పనిచేయడం లేదు. సర్వర్ మీద సొంత రిజాల్వర్ పెట్టుకోవాలి, లేదా మీ వాడకం ఉచిత హద్దు దాటితే చందా కట్టాలి. ఆ ఖర్చు మా రెన్యువల్ డబ్బులోదే.

మూడోది మీరు ఎప్పుడూ చెప్పే "నేర్చుకోవడం". స్పామ్‌అసాసిన్‌లో పాత మెయిళ్లు చూసి నేర్చుకునే బేస్ పద్ధతి మామూలుగా 200 చెత్త మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు చూపించేదాకా తీర్పు చెప్పదు. మంచివి కూడా చూపించాలని ఎవరైనా చెప్పారా? పైగా పీఓపీలో మెయిల్ దించుకున్నవాళ్లు తమ కంప్యూటర్‌లో జంక్ బటన్ నొక్కితే ఆ సంగతి ఆ కంప్యూటర్ దాటి పోదు, సర్వర్‌కు తెలియదు. మెయిల్‌ను సర్వర్ మీదే ఉంచి చూసే ఐమ్యాప్‌లో ఫోల్డర్ మార్చినా, ఆ ఫోల్డర్‌ను చదివి నేర్పే ఏర్పాటు మీరు పెడితేనే ఉపయోగం. ఆ ఏర్పాటు ఉందో లేదో చెప్పకుండా మార్క్ చేయండి అనడం వల్ల, జనం రోజూ నొక్కుతూ ఏదో జరుగుతోందని నమ్ముతున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

తెలుగు మెయిళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఫిల్టర్‌తో పాటు వచ్చే రూల్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లిష్ మాటల కోసం రాసినవి. వెంచర్ ప్లాట్లు, లోన్ యాప్‌లు, రమ్మీ ఆటలు తెలుగులో వస్తే వాటికి ఆ రూల్స్ తగలవు. స్థానికంగా నేర్పితే తప్ప పట్టుబడవు. మీ కస్టమర్లు ఇక్కడివాళ్లు, వాళ్లకు వచ్చే చెత్త ఇక్కడి భాషలో ఉంటుంది. అది మీరే నేర్పాలి.

ఇంకా చిన్నవి ఉన్నాయి. స్పామ్‌అసాసిన్‌కు మెయిల్ అందించే ప్రోగ్రామ్ మామూలుగా 500 కేబీ దాటిన మెయిల్‌ను పరీక్షకు పంపకుండా వదిలేస్తుంది, బరువైన పీడీఎఫ్ తగిలిస్తే చాలు. రూల్స్ అప్‌డేట్ ఆగిపోయి నెలలు గడిచినా ఎవరూ గమనించరు.

అన్నీ సరిచేసినా కొంత చెత్త వస్తుందని నాకు తెలుసు. హ్యాకైన అసలు ఖాతా నుంచి వచ్చే మెయిల్ అన్ని పరీక్షలూ పాసవుతుంది. నూటికి నూరు శాతం ఆపమని మేం అడగడం లేదు.

మీ మీదే ఎందుకు ఇంత పట్టు

ఫోన్ కాల్స్‌కు, ఎస్ఎంఎస్‌లకు డీఎన్‌డీ (ప్రకటనలు వద్దని నమోదు చేసుకునే ఏర్పాటు) ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు వాటికే వర్తిస్తాయి, ఈమెయిల్‌కు కాదు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ కింద, ఎక్కడి నుంచి వచ్చిందో తప్పుదోవ పట్టించే మెయిల్ గురించి ఒక క్లాజు ఉండేది. ఆ సెక్షన్ మొత్తాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. మాట్లాడే హక్కు కోసం అది సరైన తీర్పే. కానీ స్పామ్ మెయిల్ కోసం ప్రత్యేకంగా మరో చట్టం రాలేదు. 66సీ, 66డీ ఉన్నాయి, అవి మోసం జరిగాక కేసు పెట్టడానికి. చెత్త రాకముందే ఆపడానికి మామూలు మనిషికి ఉన్నది ఒక్క ఫిల్టరే. ఆ ఫిల్టర్ మీ చేతుల్లో ఉంది.

జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లకు షరతులు బిగించాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, అలా తేలకపోతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. ఔట్‌లుక్ కూడా 2025 మేలో అదే దారి పట్టింది. మీరు మాత్రం కొత్త డొమైన్ తెరిచేటప్పుడు డీమార్క్ రికార్డు ఊసే ఎత్తరు. మా మిర్చి వ్యాపారి పేరుతో విదేశంలో ఉన్న కొనుగోలుదారుకు దొంగ ఇన్‌వాయిస్ పోతే దాన్ని ఆపమని చెప్పే రికార్డు ఆ డొమైన్‌కు లేదు.

మా కోర్కెలు

1. హెడర్‌తో సహా పంపిన ప్రతి ఫిర్యాదునూ మనిషి చదవాలి. ఈ మెయిల్ ఏ దారిన వచ్చింది, ఫిల్టర్ ఎన్ని పాయింట్లు వేసింది, ఎందుకు వదిలింది, ఏం మార్చాం అన్నవి రెండు పనిదినాల్లో రాసి పంపాలి. కారణం రాయకుండా టికెట్ మూయకూడదు.

2. సొంత డొమైన్ పేరుతో ఉన్న వైట్‌లిస్ట్‌లన్నీ ఈ నెలలోనే తీసేయాలి. తప్పనిసరైతే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పాసైనప్పుడే పనిచేసే వైట్‌లిస్ట్ వాడండి, స్పామ్‌అసాసిన్‌లో ఆ సదుపాయం ఉంది.

3. పాత ఎంఎక్స్ రికార్డులు, తెరిచి ఉన్న 25వ పోర్టు, డీఎన్ఎస్ రిజాల్వర్, రూల్స్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయ్యాయి అన్నవి తనిఖీ చేసి ప్రతి కస్టమర్ ప్యానెల్‌లో కనబడేలా పెట్టాలి.

4. కస్టమర్‌కు చెప్పకుండా స్కోరు హద్దు మార్చకూడదు. మెయిల్ తీసుకుని నోరు మెదపకుండా పారేయకూడదు. తీసుకోదలచకపోతే వచ్చినప్పుడే 550 (తీసుకోం అనే) జవాబుతో తిప్పి పంపండి, పంపిన మనిషికి చేరలేదని తెలుస్తుంది, ఫోన్ చేస్తాడు. జంక్‌లో వేసినవాటి జాబితా రోజుకోసారి ఇన్‌బాక్స్‌కు తెలుగులో రావాలి. ఎవరి నుంచి, ఏ విషయం, విడిపించడానికి ఒక లింకు, ఇంతే చాలు. నర్సింగ్ హోమ్‌లో ఆ రోజు ఈ జాబితా ఉంటే ఆ పేషెంటు పొద్దు ఉండగానే ఇల్లు చేరేవాడు.

5. నేర్పే ఏర్పాటు నిజంగా పెట్టండి. చెత్తకు ఒక ఫోల్డర్, తప్పుగా జంక్‌లో పడిన మంచి మెయిల్‌కు ఒక ఫోల్డర్, రోజూ రాత్రి వాటిని చదివే పని. పీఓపీ వాడేవాళ్లకు అటాచ్‌మెంట్‌గా పంపే అడ్రసు ఒకటి ఇవ్వండి. ఇవి లేని ప్లాన్‌లో "మార్క్ చేయండి" అనే మాట మీ స్క్రిప్ట్ నుంచి తొలగించండి.

6. కొత్త డొమైన్ తెరిచిన రోజే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టాలి. డీమార్క్‌ను "నన్" (ఏమీ చేయొద్దు) దగ్గర మొదలుపెట్టడం సబబే. రిపోర్టులు చదివి, అసలు మెయిళ్లు దెబ్బతినవని చూసుకుని, "క్వారంటీన్" (జంక్‌లో వేయి)కు, ఆపైన "రిజెక్ట్" (తిప్పి పంపు)కు తీసుకెళ్లే బాధ్యత కూడా మీదే. చిన్న ఆఫీసుకు ఆ రిపోర్టులు చదివే మనిషి ఉండడు.

7. ఒకే ఐపీ మీద వందల డొమైన్లు పెట్టినప్పుడు, ఒక ఖాతా హ్యాకై చెత్త పంపితే మిగతావాళ్ల అసలు మెయిళ్లు కూడా అవతలివాళ్ల జంక్‌లో పడుతున్నాయి. ఖాతాకు గంటకు ఇన్ని అని హద్దు పెట్టండి. ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో పడితే మాకు అదే రోజు చెప్పండి.

మా వైపు నుంచి చేయాల్సింది మేం చేస్తాం. ఫిర్యాదు మెయిల్‌ను మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది, అందుకే అటాచ్‌మెంట్‌గా పంపడం మా ఆఫీసులన్నిటికీ నేర్పుతున్నాను. బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే పాత నంబరుకు ఫోన్ చేసి అడగనిదే డబ్బు పంపకూడదని అకౌంటెంట్లందరితో చెప్పాను. ఇది చదువుతున్న మిగతావాళ్లకూ అదే మనవి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి, ఎంత ఆలస్యమైతే తిరిగి వచ్చే ఆశ అంత తగ్గుతుంది.

ఈ ఏడు విషయాల్లో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, ఎప్పటికి చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. చేయలేనివాటికి కారణం చెప్పినా సంతోషమే. మీ జవాబును ఉన్నదున్నట్టు నేను చూసే ఆఫీసులన్నిటికీ చూపిస్తాను. జవాబు రాకపోతే రెన్యువల్ తేదీలోగా ఆ డొమైన్ల మెయిల్‌ను వేరే చోటికి మార్చమని యజమానులకు సలహా ఇస్తాను, ఎందుకు మారుస్తున్నామో మీకు ఉత్తరం రాసే మారుస్తాం.

ఇట్లు,
చిన్న ఆఫీసుల మెయిల్ పనులు చూసే ఒక టెక్నీషియన్,
విజయవాడ